రాజిగాడు, రాజన్న, రాజయ్య

తొట్టెలలో పెట్టిన పేరు బడికి పోయేసరికి మారుతుంది, బొగ్గుబాయిలో ఇంకోటవుతుంది, విమానం ఎక్కేటప్పుడు మరోసారి విరుగుతుంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పిల్లల పేర్లు పెరిగి పెద్దవడం వెనక ఒక ప్రాంతపు చరిత్ర ఉంది.

పురుడు వెళ్లిన ఇంట్లో ఇరవై ఒకటో నాడు తొట్టెల కడతారు. జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల దిక్కు ఏ ఊరికి పోయినా ఆ పండుగను 'ఇరవై ఒక్క దినాలు' అనే అంటారు. ఇంటి ముందు చిన్న టెంటు పడుతుంది. మేనత్త పసిగుడ్డును ఒళ్లో పెట్టుకొని కూర్చుంటుంది. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తారు. ఆ పేరును బిడ్డ చెవిలో మూడుసార్లు చెబుతారు. పాట ఎత్తుకున్న ఆడవాళ్లు తొట్టెలకు అటొకరు ఇటొకరు నిలబడి ఊపుతారు.

సర్కారు లెక్క కూడా ఇరవై ఒక్క రోజులే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం నిబంధనల ప్రకారం బిడ్డ పుట్టిన కబురును ఆ గడువులోపు చెబితే రుసుము ఉండదు. కాకపోతే దవాఖాన నుంచి ఆ కబురు తొట్టెల కట్టకముందే వెళ్లిపోతుంది. అప్పటికి బిడ్డకు పేరు ఉండదు. 'బేబీ ఆఫ్' అని రాసి పక్కన తల్లి పేరు చేరుస్తారు. పేరు లేకుండానే నమోదు చేసుకోవచ్చని చట్టమే అంటుంది. ఏడాదిలోపైతే ఉచితంగా, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. ఒక మనిషికి పేరు కుదురుకోవడానికి చట్టం ఇచ్చిన వ్యవధి పదిహేనేళ్లన్నమాట.

ఉత్తర తెలంగాణలో అది చాలలేదు. ఇక్కడ పేరు పెట్టడం తొట్టెల దగ్గర మొదలవుతుంది, అంతే. తరవాత వాడకట్టు మార్చింది, గడీ మార్చింది, సంఘం మార్చింది, బడి సారు మార్చాడు, గని గుమాస్తా మార్చాడు. కొందరి పేరు వయసుతోపాటు గౌరవాన్ని తెచ్చుకుంది. ఇంకొందరి పేరును ఎదుటివాళ్లు కావాలని కురచ చేశారు. పేరు మారడంలో తప్పేమీ లేదు. మార్చే చెయ్యి ఎవరిదన్నదే చూడాలి. ఈ రెండు జిల్లాల్లో ఎంతోమంది పిల్లల విషయంలో ఆ చెయ్యి పిల్లలది కాదు, వాళ్ల అవ్వయ్యలది కూడా కాదు.

దేవుడికి మాటిచ్చిన పేర్లు

ఇక్కడి పాత ఓటర్ల జాబితా ముందేసుకుంటే ఏ ఊరు ఏ జాతరకు బండి కట్టేదో చెప్పొచ్చు. వేములవాడ చుట్టూ రాజయ్య, రాజవ్వ, రాజలింగం, రాజేశం, రాజమల్లు. ధర్మపురి వైపు నర్సయ్య, నర్సవ్వ, లచ్చయ్య. కొండగట్టు కింద అంజయ్య, హన్మయ్య, హన్మాండ్లు. ఓదెల మల్లన్నను కొలిచేవాళ్లు దేవుడి పేరుతో ఆగలేదు, ఊరి పేరునే బిడ్డకు పెట్టుకున్నారు. ఓదెలు అనే పేరు ఈ చుట్టుపక్కల తప్ప ఎక్కువగా కనిపించదు. మేడారం పోయివచ్చిన ఇంట్లో సమ్మయ్య, సారయ్య, సమ్మక్క. కొమురవెల్లి మొక్కుతో కొమురయ్య, కొమురవ్వ. గోదారి ఒడ్డున గంగయ్య, గంగారాం, గంగవ్వ. ఊరూరా పోచమ్మ ఉంది కనక పోశయ్య, పోశవ్వ లేని ఊరు లేదు.

ఇవన్నీ మాటిచ్చి పెట్టుకున్న పేర్లు. బిడ్డ నిలబడితే నీ పేరు పెట్టుకుంటా, కోడెను కడతా అని తల్లి వేములవాడ రాజన్న దేవుడికి మొక్కుకుంటుంది. పుట్టు వెంట్రుకలు అక్కడే తీయిస్తారు. ఆ పేరు మార్చాలంటే ఇంట్లో పెద్ద తర్జనభర్జన. అందుకే బడిలో వేసేటప్పుడు రాజయ్యను రాజేశ్ అనో, రాజ్‌కుమార్ అనో, రాజేందర్ అనో రాయించారు. దేవుడికిచ్చిన మొదటి అక్షరాలు చెక్కుచెదరలేదు, పిల్లవాడికి కొత్తకాలపు పేరూ వచ్చింది. పంతులు చెప్పే నక్షత్రం పేరు ఉంటే అది మూడోది. రోహిణిలో పుట్టినవాడికి ఓ, వా, వీ, వూ అక్షరాల్లో ఒకటి రావాలంటాడాయన. ఆ పేరు పెళ్లి ముహూర్తం చూసేనాడు తప్ప మళ్లీ ఎవరికీ గుర్తుకు రాదు.

మొక్కుల కంటే బాధాకరమైన పేర్లు కొన్ని ఉన్నాయి. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతున్న ఇంట్లో, ఆ తర్వాత పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టేవారు. ఎవరో ఒకామె ఎత్తుకొచ్చి తల్లి చేతికిచ్చేది. ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేనివాడని మృత్యువు అనుకోవాలి. వాడి పేరు పెంటయ్య. ఆడపిల్లయితే పెంటవ్వ. దేవుడు దయదలిచి వేసిన భిక్ష అనుకుంటే భిక్షపతి. పెంటయ్య అన్న పేరుతో బడిలో పిల్లలు ఎట్లా ఆడుకుంటారో చెప్పనక్కర్లేదు. ఎందరో పెంటయ్యలు నాలుగో తరగతికో ఐదో తరగతికో ప్రసాద్‌లుగా, ప్రవీణ్‌లుగా మారారు. మారినందుకు వాళ్లను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ఆ పేరు పెట్టిన తల్లి భయం ఎంతటిదో, ఆ పేరులో ఎంత ప్రేమ ఉందో పిల్లవాడికి చెప్పేవాళ్లు లేకపోవడం నన్ను బాధపెడుతుంది. ఇళ్లలోనే ప్రసవాలు, మశూచి, కలరా ఉన్న రోజుల్లో ఒక ఆడది తన బిడ్డను దక్కించుకోవడానికి చేయగలిగింది చేసిన గుర్తు అది.

ఇంకో పద్ధతి చాలామంది మరిచిపోయారు. మొదటి మనవడికి తాత పేరు పెట్టాలి. కోడలు మామ పేరు నోటితో పలకకూడదు. మరి కన్నతల్లి తన కొడుకును ఏమని పిలవాలి? అందుకే 'పెద్దయ్య' అనో 'అయ్య' అనో పిలుపు పేరు పుట్టేది. కాగితం మీద మల్లయ్య, అవ్వ నోట అయ్య. మామ కాలంచేసినా ఆ పిలుపు పోదు. అరవై ఏళ్ల మనిషిని ఎనభై ఏళ్ల తల్లి 'అయ్యా' అని పిలుస్తుంటే విన్నవాళ్లకు అసలు పేరేమిటో తెలియదు.

గాడు నుంచి అయ్య దాకా

ఒక్క రాజయ్యనే తీసుకుందాం. ఇట్లాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. దాగుడుమూతలు ఆడే వయసులో రాజిగాడు. మీసం వచ్చాక రాజు. తమ్ముళ్లకు, వాడకట్టు పిల్లలకు రాజన్న. బిడ్డ పెళ్లి చేశాక రాజయ్య. మనుమలు పుట్టాక ఊరందరికీ రాజయ్య తాత. ఆడపిల్ల అయితే రాజి, రాజక్క, రాజవ్వ. మనిషితోపాటు పేరూ పెరుగుతుంది, ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే. తెలుగు ఊళ్లలో ఇంత అందమైన ఏర్పాటు మరొకటి నాకు తోచదు.

అయితే ఈ ఏర్పాటు అందరికీ వర్తించలేదు. దొరల గడీల కాలంలో జీతగాడు రాజిగాడికి తల నెరిసినా దొర నోట రాజిగాడే. దొర ఇంట్లో ఐదేళ్ల పిల్లవాడు 'చిన్నదొర'. ఆ పిల్లవాడు తాత వయసున్న మనిషిని 'ఓరి రాజిగా' అని పిలిస్తే, ఈయన నెత్తిమీది తువ్వాల తీసి నడుముకు చుట్టుకొని 'బాంచెన్' అనాలి. మాదిగ మల్లయ్య, మాల ఎల్లయ్య, చాకలి పోశయ్య అయ్యలుగా ఉన్నది తమ వాడలోనే. గడీ గుమ్మం ముందు 'అయ్య' ఊడిపోయేది. వెట్టి గురించి రాసినప్పుడు గింజలు, పని గంటలు, దెబ్బలు లెక్కపెడతాం. రోజుకు పదిసార్లు సొంత పేరును తుంచి పిలిపించుకోవడాన్ని ఏ లెక్కలోనూ రాయలేదు.

అందుకే ఇక్కడి రైతాంగ పోరాటాల్లో భూమి ఎంత ముఖ్యమో పిలుపు అంత ముఖ్యం. 1940లలో ఆంధ్ర మహాసభను జనం 'సంఘం' అన్నారు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర చేశారు. ఆ తర్వాత ఊరూరా మొలిచిన సంఘాల్లో ఎల్లిగాడు ఎల్లన్న అయ్యాడు. పాలేరు, టీచరు, చదువుకున్న దొర కొడుకు అందరూ 'అన్న'లే. దాన్ని ఇప్పటి పిల్లలకు చెబితే ఇందులో అంత గొప్పేముందని అడుగుతారు. మొదటిసారి ఎదుటి మనిషి తనను 'అన్నా' అన్నప్పుడు నలభై ఏళ్లవాడు కన్నీళ్లు పెట్టుకున్నాడంటే నమ్మలేరు.

ఆ నక్సలైట్ ఉద్యమమే పేర్లను మరో తీరుగా కూడా మార్చింది. పెద్దపల్లి మల్లోజుల కోటేశ్వరరావు కిషన్‌జీ అయ్యాడు. జగిత్యాల దగ్గరి బీర్‌పూర్ నుంచి వెళ్లిన, టీచరుగా పనిచేసిన ముప్పాళ్ల లక్ష్మణరావు గణపతి అయ్యాడు. అడవికి పోయినవాళ్లకు కన్నవాళ్లు పెట్టిన పేరు పోలీసు దస్త్రాల్లో మిగిలింది, పక్కన 'అలియాస్' అన్న ముక్కతో. ఏ దారి ఎన్నుకున్నారన్న చర్చ వేరు. ఎన్నో ఇళ్లలో తల్లిదండ్రులు కొడుకు ఎన్‌కౌంటర్ వార్తను పేపర్లో వేరే పేరు కింద చదవాల్సి వచ్చింది. చనిపోయినవాళ్ల పేర్లు, వాళ్ల మారుపేర్లు తర్వాత పుట్టిన పిల్లలకు పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. అట్లా అడవి పేరు ఒకటి బడి రిజిస్టర్‌లోకి చేరింది.

బడి రిజిస్టర్‌లో

బడిలో చేర్పించడానికి బాపు పిల్లవాణ్ని సైకిల్ మీద తీసుకొచ్చేవాడు. పేరేంటని సారు అడిగితే ఇంట్లో పిలిచే పేరు చెప్పేవాడు. ఇంటిపేరు అడిగితే ఆగేవాడు, ఊళ్లో అందరికీ తెలిసిన దాన్ని చెప్పాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు మరి. పుట్టిన తేదీ అడిగితే ఆ ఏడు వానలెట్లా పడ్డాయో చెప్పేవాడు. సారు తనకు తోచిన తేదీ వేసేవాడు. అందుకే ఒక తరం వాళ్లలో జూన్, జులై నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. పేరును కూడా సారే 'సరిచేసేవాడు'. లచ్చవ్వ లక్ష్మి, ఎల్లవ్వ లలిత, నర్సిగాడు నరేందర్. చాలామంది సార్లు పిల్లల మేలు కోరే చేశారు. పట్నం పోతే ఈ పేరుతో నవ్వులపాలవుతాడని భయపడ్డారు. కానీ అవ్వలో, అయ్యలో లోటు ఉందని ఏడేళ్ల పిల్లకు మొదట చెప్పింది ఆ చేతిరాతే.

ఆ లోటు నిజం కాదని ఈమధ్య ఒక పెద్దావిడ తేల్చేసింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' వీడియోలతో మొదలై, 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా వెళ్లిన గంగవ్వ. ఆమె పేరును ఎవరూ గంగాదేవి చేయలేదు. తెలుగువాళ్లు ఎక్కడున్నా ఆమెను 'గంగవ్వ' అనే పిలుస్తారు. పక్క ఊరి పోశవ్వకు, రాజవ్వకు తమ పేరు వినడానికి బాగుంటుందని మొదటిసారి అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

పేరును తమ ఇష్టంతో నిలుపుకున్నవాళ్లు, కుదించుకున్నవాళ్లూ ఉన్నారు. వేములవాడ పక్కనే హనుమాజీపేటలో పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డి సాహిత్యంలో సినారె అయ్యారు. 'విశ్వంభర'కు 1988 జ్ఞానపీఠం వచ్చేనాటికి ఆ మూడక్షరాలే పూర్తి పేరు. అదే ఊరి ఒగ్గుకథ కళాకారుడు మిద్దె రాములు పుట్టిన పేరుతోనే దేశదేశాలు తిరిగారు. వంగరకు దత్తత వచ్చిన పాములపర్తి వెంకట నరసింహారావు రెండక్షరాల పీవీగా ప్రధానమంత్రి అయ్యారు. అంతకుముందు కాకతీయ పత్రికలో పాములపర్తి సదాశివరావుతో కలిసి 'జయ విజయ' పేరుతో రాశారు. ఇవన్నీ వాళ్లంతట వాళ్లు కుదించుకున్న, ఎంచుకున్న పేర్లు. గడీ ముందు తుంచిన పేరుకూ ఈ పొట్టి పేర్లకూ పోలికే లేదు.

అడవిలో ఇంటిపేరే ముందు

ఆదిలాబాద్ గోండు గూడేల్లో మనిషికి గుర్తు ఇంటిపేరు. మడావి, ఆత్రం, మెస్రం, పెందూర్, కనక, సిడాం, తొడసం. ఎవరు నాలుగు దేవుళ్ల సగ (గోత్రం), ఎవరు ఐదు, ఎవరు ఆరు, ఎవరు ఏడు అన్నదాన్ని బట్టే పిల్ల ఏ ఇంటికి వెళ్లొచ్చో తేలుతుంది. ఈ లెక్కలు, వంశగాథలు గోండుల కథాగాయకులైన పర్ధాన్‌ల పాటల్లో ఉన్నాయి. కిక్రి వాయిద్యం మోగుతుండగా వాళ్లు పాడితేనే పూజ పూర్తవుతుంది. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. అక్కడ మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి చూపించే 'భేటింగ్' ఒకటుంది. తెల్లచీర ముసుగులో వరసగా వచ్చి మొక్కి, పెద్దల దీవెన తీసుకుంటారు. అప్పటికి గాని ఆమె మెస్రం ఇంటి మనిషి కాదు. ఇంటిపేరు మారడాన్ని ఇంత పెద్ద పండుగ చేసుకునే జాతి తెలుగునాట ఇంకొకటి ఉందా?

అంత విలువైన ఇంటిపేరును మన కార్యాలయాలు ఎట్లా రాశాయో చూడండి. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగిన గోండు నాయకుడు భీం ఇంటిపేరే ఉదాహరణ. కొమురం, కొమరం, కుమురం, కుమ్రం... అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల మీద ఒక తీరు, విగ్రహం కింద ఇంకో తీరు, 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డ జిల్లా బోర్డుల మీద రెండు మూడు తీర్లు. 2022లో 'ఆర్ఆర్ఆర్' సినిమా ఆ పేరును ప్రపంచమంతా తిప్పింది. జల్, జంగల్, జమీన్ నినాదంతో ఒక జాతి గుండెల్లో నిలిచిన మనిషి ఇంటిపేరే ఇట్లా ఉంటే, ఆ ఇంటిపేరున్న ఆశ్రమపాఠశాల పిల్లవాడి సంగతేమిటి? అన్న కాగితంలో ఒక తీరు, తమ్ముడి కాగితంలో మరో తీరు పడితే కుల ధ్రువీకరణ పత్రం కోసం మీసేవకు, తహసీల్ ఆఫీసుకు మధ్య తిరగాల్సి వస్తుంది. ఒక్కరోజు కూలి పోతుంది, బస్సు కిరాయి పోతుంది.

భీం తిరుగుబాటు తర్వాత నిజాం సర్కారు పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు పిల్లలకు బడి పెట్టించాడు. గోండి భాషలో వాచకాలు అచ్చువేయించి, గోండు యువకులనే టీచర్లుగా తయారుచేయించాడు. పిల్లవాడి పేరు పలకడం వచ్చిన టీచరు బడిలో ఉండటమంటే ఏమిటో ఆ బడి చూపింది. ఇప్పటికీ ఏజెన్సీ బడుల్లో అవసరమైనది అదే.

మహారాష్ట్ర సరిహద్దున మరాఠీ పద్ధతి కలుస్తుంది. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్న వరస పెన్‌గంగ దాటి వచ్చింది. అట్లాగే సిరిసిల్ల నుంచి భీవండి, షోలాపూర్‌కు మగ్గం పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాల పిల్లలు అక్కడి బడుల్లో తండ్రి పేరును నడుమ పెట్టుకొని తిరిగొచ్చారు. ఇక్కడి ఆఫీసులో తమ్ముడి పేరు ఒక వరసలో, అన్న పేరు ఇంకో వరసలో ఉంటుంది.

బాయి మీద మారుపేరు

ఈ కథలో అన్నిటికన్నా పెద్ద గాయం గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లో ఉంది. సింగరేణి బొగ్గుగనుల కార్మికవాడల్లో 'మారుపేర్లు' అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. తెలియని పాఠకుల కోసం చెబుతాను.

ఒకనాడు బొగ్గుబాయి పనంటే భయం. పైకప్పు కూలుతుందని, గ్యాస్ కమ్ముతుందని. అన్న పేరు మీద పిలుపు కాగితం వస్తుంది, అన్న భయపడి దిగడు. ఇంట్లో తిండి లేదు కనక తమ్ముడు ఆ కాగితం పట్టుకొని పోతాడు. కొన్నిచోట్ల బావ పేరు మీద బావమరిది, ఊరివాడి పేరు మీద ఇంకో ఊరివాడు. మరికొందరిది ఇంకా అమాయకమైన సంగతి. వాడకట్టులో పిలిచే పేరు చెప్పారు, గుమాస్తా అదే రాసుకున్నాడు. ఆరోజు నుంచి మస్టర్‌లో అదే పేరు. బదిలీ ఫిల్లర్‌గా తట్ట మోసినా, ల్యాంప్ రూంలో దీపం తీసుకున్నా, జీతం లైన్లో నిలబడ్డా అదే పేరుకు 'ఆఁ' అనాలి. ఇంట్లో ఓదెలు, బాయి మీద రాజయ్య. ముప్పై ఏళ్లు భూమి లోపల ఒక పేరు, భూమి పైన ఇంకో పేరు.

పిల్లలు పుట్టారు. బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు ఏం రాయించాలి? కొందరు నిజం పేరు రాయించారు. కొందరు ముందుచూపుతో బాయి పేరు రాయించారు. అంటే ఆ పిల్లవాడు మెమోలో, టీసీలో, కుల పత్రంలో పెదనాయిన కొడుకుగానో, పరాయివాడి కొడుకుగానో పెరిగాడు. పిల్లవాడి పేరు ఎవరూ ముట్టుకోలేదు, తండ్రి పేరు మారిపోయింది. ఏ తొట్టెల పాటలోనూ లేని పేరు మార్పు ఇది.

తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయినప్పుడో, ప్రమాదంలో పోయినప్పుడో చిక్కు బయటపడుతుంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక, కారుణ్య నియామకాల కింద పిల్లలకు ఉద్యోగాలు ఇస్తున్నారు. దరఖాస్తు పెట్టిన కొడుకు మెమోలో తండ్రి ఓదెలు. కంపెనీ దస్త్రంలో చనిపోయింది రాజయ్య. ఫైలు విజిలెన్స్‌కు పోతుంది. ఊరికి వచ్చి విచారిస్తారు. ఊరంతా ఈయనే ఆయన అని సాక్ష్యం చెబుతుంది. ఫైలు మాత్రం కదలదు. కొడుకు పాతికేళ్లవాడు ముప్పై దాటుతాడు, వయోపరిమితి దగ్గరపడుతుంది. తల్లికి పింఛను, భవిష్యనిధి విషయంలోనూ ఇదే చిక్కు. 2023 డిసెంబర్ 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికలదాకా ప్రతిసారీ సంఘాలు మారుపేర్ల మాట ఎత్తాయి. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు అందరూ హామీ ఇచ్చారు.

తప్పు పేరుతో ఉద్యోగంలో చేరడం నేరం కాదా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. పేరు అమ్ముకున్న దళారులు, మోసం చేసినవాళ్లు ఉన్నారు, వాళ్లను పట్టుకోవాలి. కానీ ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన ఒంటినీ, నల్లబడ్డ ఊపిరితిత్తులనూ కంపెనీ అప్పుడు ఏ సందేహం లేకుండా తీసుకుంది. ఆ మనిషి ఎవరో తెలియదనడం పిల్లవాడి వంతు వచ్చేసరికే ఎందుకు? సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. రెండు ప్రభుత్వాలు చేతులు కలిపిన సంస్థ ఒకసారి కూర్చుని, మోసం ఏది, అమాయకత్వం ఏది వేరుచేసి, ఈ ఇళ్ల ఫైళ్లు తేల్చేయాలి.

ఆమె పేరు

ఆడవాళ్ల పేర్లకు ఇంత పోరాటమూ దక్కలేదు, చప్పుడు లేకుండా పోయాయి. పెళ్లై వచ్చిన కోడలిని ఊళ్లో ఎవరూ పేరుతో పిలవరు. కోరుట్ల నుంచి వస్తే కోరుట్లామె, ధర్మారం నుంచి వస్తే ధర్మారం వదిన. బిడ్డ పుట్టాక రాజుగాని అవ్వ. ముసలైతే ముసలవ్వ. భూమి పట్టా భర్త పేరున, రేషన్ కార్డు మామ పేరున. పుట్టింట్లో పదిహేనేళ్లు పిలిచిన పేరు దస్తావేజుల్లో కూడా మిగిలేది కాదు. దాన్ని తిరిగి తెచ్చింది పొదుపు సంఘాలు. వారానికోసారి కూర్చుని హాజరు పిలిచి, ఒక్కొక్కరు లేచి పేరు చెప్పి సంతకం పెట్టే ఆ సమావేశాల్లో, నలభై దాటిన ఆడవాళ్లు తమ పేరు తాము పలికారు. బ్యాంకు లింకేజీ గురించి చాలా రాశారు, ఈ సంగతి కూడా రాయాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదన్నది ఇంకా చాలామంది ఆడపిల్లలకు తెలియదు.

ఒక్క అక్షరం తేడా

ఇప్పటి పిల్లలకు వచ్చింది వేరే రకం చిక్కు. ఊరు పేరును పెంచుతుంది, కుదిస్తుంది, ముద్దుచేస్తుంది. కంప్యూటర్‌కు ఒక్కటే కావాలి, అక్షరం పొల్లుపోకుండా. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన బిడ్డకు బడిలో చేరడానికి, ఓటుకు, పాస్‌పోర్టుకు పుట్టిన పత్రమే ఆధారం. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. పిల్లల విద్యా గుర్తింపు సంఖ్య అపార్‌కు ఆధార్‌లోని పేరు, బడిలోని పేరు కలవాలి. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిషులో 'ఎక్స్' అక్షరంతో రాసే అలవాటు మనది, 'కెఎస్‌హెచ్'తో రాసే అలవాటూ మనదే. ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకొకటి పడితే ఆ పిల్ల ఇద్దరు మనుషులు. నర్సయ్య, చంద్రయ్య, మల్లేశం అన్నీ ఇంతే.

గల్ఫ్‌కు పోయే ఇళ్లకు ఇది ఇంకా తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలు. 2022 నవంబర్‌లో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద రానివ్వబోమని చెప్పడంతో ఆ ఖాళీ గడి పెద్ద చిక్కయింది. అమెరికా చదువులకు పోయిన పిల్లల ఇంటిపేర్లు వెనక్కి జరిగాయి. ప్రొఫెసర్లు వాళ్లను ఇంటిపేరుతో పిలిస్తే ఊళ్లో ఉన్న తాతను పిలిచినట్టుంటుంది.

పేరు మార్చుకోవాలంటే దారి ఉంది, కానీ పొడవు. ప్రమాణపత్రం, పత్రికా ప్రకటన, రాజపత్రంలో అచ్చు. హైదరాబాద్ చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయానికి బెజ్జూర్ నుంచో, తిర్యాణి నుంచో వచ్చిపోవడం అంటే రెండు రోజుల కూలి. అంతా అయ్యాక కూడా పదో తరగతి మెమో మారడం అంత తేలిక కాదు. అన్ని ఆఫీసులూ వెనక్కి తిరిగి చూసే కాగితమేమో ఆ మెమోనే.

ఆ మెమోలో ఏం పడుతుందన్నది పదో తరగతిలో పరీక్ష కోసం పిల్లల పేర్లు పంపే నామినల్ రోల్ నింపినప్పుడే తేలిపోతుంది. దసరా, దీపావళి సెలవులు దాటాక ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక టీచరు, పక్కన కంప్యూటర్ తెలిసిన ఇంకొకరు రిజిస్టర్లు ముందేసుకొని కూర్చుంటారు. అప్పటికి పిల్లకు పద్నాలుగో, పదిహేనో ఏళ్లు. తన పేరు ఎట్లా ఉండాలో చెప్పగల వయసు. అమ్మమ్మ పెట్టిన పేరులోని 'అవ్వ' ఉంచుకోవాలో, ఇంటిపేరు ముందుండాలో వెనకుండాలో, కుమ్రం అని రాయాలో కొమురం అని రాయాలో ఆమెకు తెలుసు, లేదంటే ఇంటికి పోయి అడిగి తెలుసుకోగలదు. తెల్లకాగితం మీద ఆమెచేత తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి పేరు రాయించి, ఇంట్లో బాపుకు, అవ్వకు చదివి వినిపించి రమ్మని చెప్పి, మర్నాడు దాన్ని చూసి రోల్ నింపడానికి ఏ ప్రధానోపాధ్యాయుడికీ కొత్త జీవో అక్కర్లేదు.